నారపల్లి, ఘట్‌కేసర్ వైపు నుంచి హైటెక్ సిటీకి రోజూ ఉద్యోగానికి వెళ్లిరావడం ఎలా?

ఉప్పల్ దాటి బోడుప్పల్, నారపల్లి, పోచారం, ఘట్‌కేసర్ వైపు ఇల్లు కొనుక్కున్నవారూ, అద్దెకు దిగినవారూ నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది: ఆఫీసు హైటెక్ సిటీలో ఉంది, రోజూ ఎలా వెళ్లాలి, ఎన్నింటికి బయలుదేరాలి? నేను నారపల్లి నుంచి ఇదే దారిలో కొన్నేళ్లుగా వెళ్లివస్తున్నాను. అడిగిన ప్రతివారికీ విడివిడిగా చెప్పే బదులు, నాకు తెలిసినదంతా ఒకచోట వరుసగా రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. ప్రయాణానికి మామూలుగా ఎంత సమయం పడుతుందని అడగడం వల్ల పెద్దగా ఉపయోగం లేదు. బాగా ఆలస్యమైన రోజున ఎంత పట్టింది, ఆ ఆలస్యం దారిలో ఏ అంచెలో పుట్టింది అన్నవే అడగవలసిన ప్రశ్నలు. ఆ అంచెను పట్టుకుని సరిచేస్తే మిగిలిన ప్రయాణం దానంతటదే కుదురుకుంటుంది. కింద చెప్పినవన్నీ ఆ ఒక్క పని కోసమే.

దగ్గర ఉంచుకోవలసినవి

ఒక చిన్న నోటు పుస్తకం లేదా ఫోనులో రాసుకునే చోటు. మెట్రో స్మార్ట్ కార్డు, లేదా వాట్సాప్‌లో క్యూఆర్ టికెట్ తీసుకునే అలవాటు. బస్సు ఎక్కడుందో చూపించే ఆర్టీసీ వారి గమ్యం యాప్, లోకల్ రైలు టికెట్ కోసం రైల్‌వన్ యాప్. బస్సులో ఇవ్వడానికి చిల్లర. మహిళలైతే తెలంగాణ చిరునామా ఉన్న అసలు ఆధార్ కార్డు. సంచిలో గొడుగు, అదనంగా ఒక జత సాక్సులు. జూన్ నుంచి అక్టోబరు దాకా ఈ రెండూ తప్పనిసరి.

1. దారిని అంచెలుగా విడగొట్టి రాసుకోండి

ఇంటి గుమ్మం దగ్గర మొదలుపెట్టి ఆఫీసులో మీ కుర్చీలో కూర్చునే దాకా ఉన్న ప్రతి అంచెనూ ఒక్కో వరుసలో రాయండి. నడక ఒక అంచె, ఎదురుచూపు మరో అంచె, బండిలో కూర్చున్న సమయం ఇంకో అంచె. చాలామంది ఎదురుచూపును అసలు లెక్కలోకి తీసుకోరు. లెక్క తప్పేది అక్కడే.

ఉదాహరణకు నా పుస్తకంలోని లెక్క ఇది. మొదటి అంకె అంతా కలిసివచ్చిన రోజుది, రెండోది ఆలస్యమైన రోజుది.

ఇంటి నుంచి బస్టాప్‌కు నడక: 7 నిమిషాలు, 7 నిమిషాలు.
బస్సు కోసం ఎదురుచూపు: 5, 20.
బస్సులో ఉప్పల్ దాకా: 25, 50.
ఉప్పల్‌లో దిగి స్కైవాక్ (రోడ్డు పైన కట్టిన నడక వంతెన) ఎక్కి, తనిఖీ దాటి ప్లాట్‌ఫారం చేరడం: 8, 12.
మెట్రో కోసం ఎదురుచూపు: 3, 6.
మెట్రోలో హైటెక్ సిటీ దాకా: 50, 52.
స్టేషన్ నుంచి కుర్చీ దాకా: 15, 25.

కూడి చూస్తే మొదటిది 1 గంట 53 నిమిషాలు, రెండోది 2 గంటల 52 నిమిషాలు. మధ్య తేడా 59 నిమిషాలు. ఆ 59లో 40 నిమిషాలు బస్సు కోసం నిలబడినప్పుడూ, బస్సులో కూర్చున్నప్పుడూ పోయినవే. అంటే ఉప్పల్ చేరకముందే మన రోజు సగం తేలిపోతోంది. మెట్రోలో గడిపే సమయం అన్నింటికంటే ఎక్కువైనా అందులో వచ్చే తేడా 2 నిమిషాలు మాత్రమే.

ఈ కాగితం రాసుకోకముందు నేను మెట్రోలో ఏ పెట్టె ఎక్కితే తొందరగా బయటపడవచ్చునో ఆలోచిస్తూ ఉండేవాణ్ణి. ఆ ఆలోచన మిగిల్చింది అర నిమిషం. పొద్దున్నే పావుగంట ముందు బస్టాప్‌కు చేరడం మిగిల్చింది ఇరవై నిమిషాలు.

2. ఇంటి నుంచి ఉప్పల్ దాకా ఉన్న అంచెను ముందు సరిచేయండి

ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ (పొడవైన ఫ్లైఓవర్) పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగడంతో, రోజూ వెళ్లేవారికి ఈ కొద్ది కిలోమీటర్లే అన్నింటికంటే కష్టమైన అంచెగా మారాయి. ఇక్కడ మీ ముందున్న మార్గాలు మూడు.

బస్సు: వరంగల్ రహదారి మీద ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్ మీదుగా సికింద్రాబాద్‌కు, కోఠి వైపుకు సిటీ బస్సులు నడుస్తాయి. మీకు కావలసింది ఉప్పల్ రింగు రోడ్డు వరకే కాబట్టి, ఫలానా నంబరు బస్సే రావాలని కాచుకుని ఉండకండి. ఉప్పల్ వెళ్లే బస్సు ఏది వస్తే అది ఎక్కండి. ఒకే నంబరుకు అలవాటుపడి, ఎదురుగా ఆగిన మూడు బస్సులను వదిలేసేవారిని రోజూ చూస్తుంటాను.

2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. డీలక్స్ బస్సులకు ఇది వర్తించదు కాబట్టి ఎక్కేముందు బోర్డు చూసుకోండి. డబ్బు చెల్లించకపోయినా కండక్టరు దగ్గర జీరో టికెట్ తప్పక తీసుకోవాలి. ఆధార్‌లో ఇంకా పాత ఊరి చిరునామాయే ఉండి, ఆ ఊరు ఆంధ్రప్రదేశ్‌లోనో మరో రాష్ట్రంలోనో ఉంటే ఉచిత ప్రయాణం కుదరదు. ఇల్లు మారిన నెలలోనే చిరునామా మార్పించుకోవడం మంచిది. మా వీధిలో ఒక అమ్మాయి ఈ పని వాయిదా వేస్తూ రెండు నెలల పాటు రోజూ టికెట్ కొనుక్కుంది.

ద్విచక్ర వాహనం: ఇంటి నుంచి ఉప్పల్ లేదా నాగోల్ మెట్రో వరకు బండి మీద వెళ్లి, అక్కడ నిలిపి రైలెక్కవచ్చు. నాగోల్ దగ్గర పార్కింగ్ స్థలం పెద్దది, దానికి రుసుము చెల్లించాలి. నా లెక్క ప్రకారం బండి మీద ఈ అంచె 22 నుంచి 35 నిమిషాలు, నిలిపి ప్లాట్‌ఫారం చేరడానికి 6 నుంచి 10 నిమిషాలు పడుతుంది. మొత్తం ప్రయాణం 1 గంట 36 నిమిషాల నుంచి 2 గంటల 8 నిమిషాలకు వస్తుంది. గమనించండి: తేడా 59 నిమిషాల నుంచి 32కు తగ్గింది. వేగం కంటే ఈ నిలకడే విలువైనది. అయితే వాన పడే రోజున గుంతల్లో నీళ్లు నిలిచి లోతు తెలియదు. అలాంటి రోజున బండి తీయవద్దు, బస్సులోనే వెళ్లండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట.

షేర్ ఆటో: బస్సు దొరకని రోజుకు అక్కరకు వస్తుంది. దాన్ని రోజువారీ మార్గంగా పెట్టుకోకండి, ఎందుకంటే సీట్లన్నీ నిండేదాకా ఆటో కదలదు, ఆ సమయం మీ చేతిలో ఉండదు. డ్రైవరు పక్కన వేలాడుతూ కూర్చోవలసివస్తే ఎక్కకండి.

కారు ఉన్నవారు కొందరు ఔటర్ రింగు రోడ్డు సంగతి అడుగుతారు. ఔటర్ మొత్తం పొడవు 158 కిలోమీటర్లు. ఘట్‌కేసర్ దగ్గర ఎక్కి గచ్చిబౌలి వైపు దిగాలంటే దాదాపు సగం చుట్టు తిరగాలి. టోలు, పెట్రోలు రెండూ లెక్కవేస్తే రోజూ ఒక్కరే కారులో వెళ్లడం చాలా ఇళ్లకు మోయలేని ఖర్చు. నలుగురు కలిసి వెళ్లగలిగితే ఆలోచించవచ్చు. ఔటర్ మీద ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు, అవి సర్వీసు రోడ్డులోనే వెళ్లాలి.

3. ఉప్పల్‌లో మారేటప్పుడు రోడ్డు దాటకండి

వరంగల్ రహదారి మీద నుంచి వచ్చే బస్సు దిగినచోట, ఎదురుగా మెట్రో స్టేషన్ కనిపిస్తూనే ఉంటుంది. తొందరలో నేరుగా రోడ్డుకు అడ్డంపడి వెళ్లాలనిపిస్తుంది. నాలుగు వైపుల నుంచి బస్సులూ లారీలూ మలుపు తిరిగే కూడలి అది. 2023 జూన్‌లో ప్రారంభమైన స్కైవాక్ సరిగ్గా దీనికోసమే ఉంది. మెట్లు ఎక్కితే నేల మీద అడుగు పెట్టకుండానే స్టేషన్‌లోకి చేరతారు. లిఫ్టులు, ఎస్కలేటర్లు కూడా ఉన్నాయి.

ఉదయం ఎనిమిదిన్నరకు ఆ స్కైవాక్ మీద ఒక్క నిమిషం నిలబడి కిందికి చూడండి. వరంగల్ వైపు నుంచి వచ్చిన బస్సుల తలుపుల్లో నుంచి జనం ఒక్కసారిగా దిగుతారు. అందులో సగం మంది మెట్ల వైపు, సగం మంది డివైడరు వైపు పరుగెత్తుతారు. డివైడరు వైపు వెళ్లినవారు బస్సుల మధ్య ఆగి, చెయ్యి అడ్డంపెట్టి, మళ్లీ ఆగి, అవతలికి చేరేసరికి, మెట్లెక్కినవారు అప్పటికే తనిఖీ వరుసలో ఉంటారు. నేను గడియారం పెట్టుకుని నాలుగు రోజులు చూశాను. కింద నుంచి వెళ్లడం వల్ల ఒక్క నిమిషం కూడా కలిసిరాలేదు.

బస్సు దిగేముందే కార్డు లేదా ఫోనులో క్యూఆర్ టికెట్ చేతిలో పెట్టుకోండి. తనిఖీ దగ్గర బ్యాగును యంత్రంలో పెట్టాక, గేటు దగ్గర నిలబడి టికెట్ వెతుక్కోవడం వల్ల మీ వెనకవారి బండి కూడా తప్పిపోతుంది.

4. మెట్రోలో

నాగోల్–రాయదుర్గం నీలి మార్గం 27 కిలోమీటర్లు, 23 స్టేషన్లు. నాగోల్ మొదటిది, ఉప్పల్ రెండోది. అమీర్‌పేటలో బండి మారనక్కర్లేదు, అదే బండి హైటెక్ సిటీ మీదుగా రాయదుర్గం దాకా వెళుతుంది. కొత్తవారు అమీర్‌పేటలో జనమంతా దిగడం చూసి తామూ దిగిపోతుంటారు. అక్కడ దిగేది మియాపూర్, ఎల్బీ నగర్ ఎర్ర మార్గానికి మారేవారు. మీరు కూర్చున్నచోటే కూర్చోండి. అప్పటిదాకా నిలబడి వచ్చినవారికి సీటు దొరికే చోటు కూడా అదే.

రైలుకు ఉండేవి మూడు పెట్టెలు. సికింద్రాబాద్ ఈస్ట్, పరేడ్ గ్రౌండ్ దగ్గర ఎక్కేవారు ఎక్కువ. తలుపు దగ్గరే నిలబడిపోకుండా పెట్టె మధ్యకు జరిగితే మీకూ ఊపిరాడుతుంది, ఎక్కేవారికీ దారి దొరుకుతుంది.

5. చివరి అంచెను ఆఫీసు చిరునామా చూసి నిర్ణయించుకోండి

హైటెక్ సిటీలో ఆఫీసు అనగానే అందరూ హైటెక్ సిటీ స్టేషన్‌లోనే దిగాలని లేదు. మైండ్‌స్పేస్ వైపు ఆఫీసులకు రాయదుర్గం, మాదాపూర్ లోపలి వీధుల్లో ఉన్నవాటికి మాదాపూర్ లేదా దుర్గం చెరువు స్టేషన్ దగ్గర కావచ్చు. మొదటి వారంలో రెండు స్టేషన్ల నుంచీ నడిచి, నిమిషాలు రాసుకుని, తక్కువ పట్టినది ఖాయం చేసుకోండి. ఫోనులోని మ్యాపు చూపే నడక దారికీ, ప్రహరీలు, సెక్యూరిటీ గేట్లు చుట్టి వెళ్లే అసలు దారికీ చాలా తేడా ఉంటుంది.

గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వారికి రాయదుర్గం దగ్గర దిగాక మరో బండి తప్పదు. ఉద్యోగంలో చేరేరోజే, మెట్రో స్టేషన్ నుంచి సంస్థ వారి బస్సు ఉందా అని మానవ వనరుల విభాగంలో అడగండి. కొన్ని సంస్థలు ఈ సౌకర్యం కల్పిస్తాయి గాని, అడగనివారికి దాని సంగతే తెలియదు.

ఇక అందరూ చేసే పొరపాటు ఒకటి ఇక్కడ చెప్పాలి. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్, హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ (నగరంలో నడిచే లోకల్ రైలు) స్టేషన్ రెండూ ఒకటి కావు, పక్కపక్కన కూడా లేవు. నేను మొదటిసారి లోకల్ రైలులో వెళ్లిన రోజున పేరు చూసి ధీమాగా దిగాను. బయటికి వచ్చాక అది సైబర్ టవర్స్‌కు నడిచివెళ్లే దూరం కాదని తెలిసింది. ఆటో కోసం ఎండలో తిరిగి, ఉదయం సమావేశం సగం అయ్యాక చేరాను. మీరు ఆ రైలులో వెళ్లేట్లయితే దిగిన తరువాతి ఆటో ఖర్చునూ, సమయాన్నీ ముందే లెక్కలో వేసుకోండి.

6. రెండో దారి ఒకటి సిద్ధంగా పెట్టుకోండి

ఘట్‌కేసర్, చర్లపల్లి స్టేషన్లకు దగ్గరగా ఉన్నవారికి ఎంఎంటీఎస్ మంచి రెండో దారి. మౌలాలి–సనత్‌నగర్ మార్గం మీదుగా ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి లోకల్ సర్వీసు 2024 మార్చిలో మొదలైంది. సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్లకుండానే బోరబండ, హైటెక్ సిటీ, హఫీజ్‌పేట, చందానగర్ వైపు చేరవచ్చు. ఎంఎంటీఎస్‌లో కనీస టికెట్ 5 రూపాయలే, టికెట్ కొని వెళ్లేవాటిలో ఇంతకంటే చవకైన ప్రయాణం నగరంలో దొరకదు. నెలవారీ సీజన్ టికెట్ కూడా ఉంది.

దీని లోపం బండ్ల సంఖ్య. ఒకటి తప్పిపోతే తరువాతిది ఎప్పుడో వస్తుంది. అందుకని వేళలు చూడకుండా స్టేషన్‌కు వెళ్లవద్దు, కాగితం మీద రాసుకున్న పాత వేళలనూ నమ్మవద్దు, బయలుదేరేముందు ఫోనులో చూసుకోండి. మీ లాగిన్ వేళకు, అంటే ఆఫీసులో పని మొదలుపెట్టవలసిన వేళకు, సరిపడే బండి ఒక్కటి ఉన్నా, ఇంటికీ స్టేషన్‌కూ నడక దూరమే అయితే, ఇదే మీ మొదటి దారి కావచ్చు. పట్టాల మీద వెళ్లే బండికి ఉప్పల్ రోడ్డుతో పని లేదు.

రైలెక్కేముందే టికెట్ తీసుకోండి. టికెట్ లేకుండా దొరికితే చార్జీతో పాటు కనీసం 250 రూపాయలు జరిమానా కట్టాలి.

7. పది పనిదినాలు కొలిచి చూడండి

ఇల్లు ఖాయం చేసుకునే ముందు ఆదివారం మధ్యాహ్నం కారులో వెళ్లి, గంటలో చేరిపోయామని సంతోషించేవారు చాలామంది. ఆ కొలత పనికిరాదు. వరుసగా పది పనిదినాలు, మీరు నిజంగా వెళ్లే వేళకే, నిజంగా ఎక్కబోయే బండ్లలోనే వెళ్లి కొలవండి. ఇంకా ఇల్లు మారని వారు కనీసం ఒక సోమవారం, మరొక మామూలు పనిదినం కొలవండి.

పది రోజుల అంకెలూ పెద్ద నుంచి చిన్నకు వరుసగా రాయండి. మొదటి అంకెను పక్కన పెట్టండి, అది ఏ ప్రమాదమో, ఊరేగింపో జరిగిన రోజు అయి ఉంటుంది. రెండో అంకెను తీసుకుని, లాగిన్ వేళలో నుంచి తీసివేస్తే వచ్చేదే మీరు ఇంటి తలుపు వేయవలసిన వేళ. ఉదాహరణకు ఆ రెండో అంకె 2 గంటల 20 నిమిషాలు, లాగిన్ 9.30 అయితే 7.10కి తలుపు వేయాలి. సగటు తీసుకుంటే దాదాపు రోజు విడిచి రోజు ఆలస్యమవుతుంది. ఎంతోమంది కొత్త ఉద్యోగులు మొదటి నెలలోనే మాట పడేది ఈ లెక్క తెలియకే.

ఫలితం సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి తరువాతి నెలలో ఆలస్యమైన రోజులను లెక్కపెట్టండి. 22 పనిదినాల్లో రెండు దాటకపోతే మీ వేళ సరైనదే. అంతకంటే ఎక్కువైతే, ఇంకా ముందు బయలుదేరడానికి సిద్ధపడేముందు పుస్తకం తీసి ఏ అంచెలో తేడా పెరిగిందో చూడండి. తరచుగా అది ఒకే అంచెలో ఉంటుంది.

8. తిరుగు ప్రయాణాన్ని వేరుగా కొలవండి

ఉదయం లెక్కనే సాయంత్రానికి వాడుకోవడం మరో పొరపాటు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య హైటెక్ సిటీ ప్లాట్‌ఫారం మీద మొదటి బండి ఎక్కలేకపోవడం మామూలే. రాయదుర్గంలో బండి ఖాళీగా బయలుదేరుతుంది కాబట్టి, ఆఫీసు రెండు స్టేషన్ల మధ్యలో ఉంటే సాయంత్రం రాయదుర్గం వైపు నడవడం మంచిది. ఐదు నిమిషాలు ఎక్కువ నడిచినా యాభై నిమిషాలు కూర్చుని వెళతారు.

ఉప్పల్‌లో దిగాక చీకటి పడ్డాక బస్సులు పలచబడతాయి. రాత్రి తొమ్మిది దాటి దిగేవారు గమ్యం యాప్‌లో బస్సు చూసుకుని స్కైవాక్ దిగండి. బస్సు దూరంగా ఉంటే వెలుతురూ మనుషులూ ఉన్న స్కైవాక్ దగ్గరే ఆగి, అది దగ్గరపడ్డాక స్టాప్‌కు వెళ్లడం మేలు. షిఫ్టు అర్ధరాత్రి ముగిసేవారు ఈ దారిని నమ్ముకోవద్దు. మీకు కావలసింది ఇంటి దాకా దింపే కంపెనీ క్యాబే, దాన్ని ఉద్యోగంలో చేరేముందే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

భారీ వాన హెచ్చరిక వచ్చిన రోజుల్లో సైబరాబాద్ పోలీసులు ఐటీ సంస్థలకు ఉద్యోగులను విడతలుగా పంపమనో, ఇంటి నుంచి పని చేయించమనో సూచిస్తుంటారు. ఆ సందేశం వచ్చిందంటే మీ పైవారికి వెంటనే చూపించి, మీకు దూరం ఎక్కువని చెప్పి మొదటి విడతలో బయలుదేరండి. అలా అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు.

వేరే వైపుల నుంచి వచ్చేవారికి

పద్ధతి ఇదే, దారులు వేరు. మేడ్చల్ వైపువారు ఎంఎంటీఎస్‌లో సికింద్రాబాద్ చేరి అక్కడ సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో ఎక్కవచ్చు. హయత్‌నగర్, వనస్థలిపురం వారు ఎల్బీ నగర్‌లో ఎర్ర మార్గం ఎక్కి అమీర్‌పేటలో మారాలి, అంతస్తు మారడానికీ మరో బండి కోసం నిలబడడానికీ కలిపి పది నిమిషాలు రాసుకోండి. పటాన్‌చెరు, రామచంద్రాపురం వారు మెట్రో కోసం చుట్టు తిరగకుండా లింగంపల్లి నుంచి లోకల్ రైలో, నేరుగా కొండాపూర్ మీదుగా వెళ్లే బస్సో ముందుగా కొలిచి చూడండి.

మళ్లీ ఎప్పుడు కొలవాలి

జూన్‌లో బడులు తెరిచిన రెండో వారంలో, ఆఫీసు భవనం మారినప్పుడు, లాగిన్ వేళ మారినప్పుడు, బస్సు లేదా రైలు వేళలు మారినప్పుడు ఐదు రోజుల పాటు మళ్లీ కొలవండి. నారపల్లి దారిలో రోడ్డు పనులకోసం మలుపు మార్చినప్పుడల్లా నేను తొలి మూడు అంచెలు మాత్రమే కొలుస్తాను, మిగిలిన అంకెలు పాతవే పనికివస్తాయి. బడులు తెరిచిన వారం నా పుస్తకంలో బస్సు అంచె ఎప్పుడూ పది నిమిషాలు పెరుగుతుంది, అందుకే జూన్ రెండో సోమవారం నుంచి మా ఇంట్లో అలారం పది నిమిషాలు ముందుకు జరుగుతుంది.